ఐదో బిళ్ళ

తొమ్మిది గంటలకి మేస్త్రీ వ్యాను తాళం తిప్పాడు. ఇంజన్ ఒకసారి దగ్గి, గొంతు సవరించుకుని, అందుకుంది. ఇక గంటసేపు దాన్ని అలా నడవనివ్వాలి. నీళ్ళు వేడెక్కాలి, లోపల ఇరుక్కున్న గాలి బుడగలు బుడగలుగా పైకి వచ్చెయ్యాలి, రేడియేటర్ ఫ్యాను తనంతట తను తిరిగి తనంతట తను ఆగాలి, అప్పటికీ కింద పరిచిన అట్ట మీద ఒక్క పచ్చ చుక్క పడకపోతే పని అయినట్టు. అట్ట పరిచాడు. చిన్న స్టూలు లాక్కుని బండి ముందు కూర్చున్నాడు. ఎంత తుడిచినా గోళ్ళ కింద ఎర్ర బురద పోలేదు. నిన్న బిళ్ళలు పీకినప్పుడు ఇంజన్ కడుపులోంచి వచ్చిన బురద అది. ఇంజన్ పోత పోసినప్పుడు లోపలి ఇసుక తియ్యడానికి గుండ్రటి రంధ్రాలు వదులుతారు, తర్వాత వాటిని రేకు మూతలతో మూసేస్తారు. మూతకి అవతల నీళ్ళు, ఇవతల గాలి. వాటిని ఫ్రీజ్ ప్లగ్గులంటారని డబ్బా మీద చదివి కోడలు చెప్పింది గానీ షెడ్డులో బిళ్ళలనే అంటారు. ఈ ఇంజన్‌కి ఐదు. పక్కన నాలుగు, వెనక ఒకటి. పక్క నాలుగూ నిన్న మార్చి ఇత్తడివి వేశాడు. వెనకది మార్చలేదు. పొద్దున్న కోడలు షెడ్డులోకి తొంగిచూసి, ఐదూ అయ్యాయా మామయ్యా, అని అడిగింది. ఊఁ, అన్నాడు.

ఒక్క ఊఁ. అంతకంటే పెద్ద అబద్ధాలు చెప్పిన వాళ్ళని చూశాడు, వాళ్ళు దానికోసం ఎన్నో మాటలు ఖర్చు పెట్టేవాళ్ళు. తనకి ఒక్క అక్షరంతో పనైపోయింది. కోడలు తల ఊపి లోపలికి వెళ్ళిపోయింది. మళ్ళీ అడగలేదు, మూత తీసి చూపించమనలేదు. లోపల జడ వేసుకుంటోంది కాబోలు, పదకొండింటికి బయల్దేరాలి. వారానికి మూడుసార్లు కిడ్నీలు చెడిన ఆరుగురు రోగుల్ని ఎక్కించుకుని కొండ దారిలో అవతలి పట్నానికి తీసుకెళ్తుంది, హాస్పిటల్లో వాళ్ళ రక్తం కడిగించి, రాత్రికి ఎవరి గుమ్మంలో వాళ్ళని దింపుతుంది. కొడుక్కి ఇంజన్ వాసన పడదు, తల నొప్పంటాడు, వాడు దర్జీ సూది పట్టుకున్నాడు. కోడలు స్టీరింగ్ పట్టుకుంది. పెళ్ళైన కొత్తలో జనం నవ్వారు, మేస్త్రీ ఇంట్లో అంతా తారుమారు అన్నారు. మేస్త్రీ మాత్రం, ఆ పిల్ల మొదటిసారి గేరు మార్చినప్పుడు పక్క సీట్లో కూర్చుని కళ్ళు మూసుకుని విన్నాడు. గేరు గరగరమనలేదు, వెన్నలో కత్తిలా దిగింది. అప్పుడు రెండు చెవులూ ఉండేవి. లేక అప్పటికే ఒకటి పోతూ ఉందా, ఎవరికి తెలుసు, చెవి పోయేటప్పుడు చెప్పిపోతుందా, పన్నయితే నొప్పి పెడుతుంది, కన్నయితే మసకేస్తుంది, చెవి అలా కాదు, ఇంట్లోంచి ఒక్కో సామానూ ఎవరో పట్టుకుపోతున్నట్టు, ముందు పిచ్చుకలు పోయాయి, తర్వాత చేతి గడియారం, తర్వాత పక్కగదిలో కుట్టుమిషన్, ఒకరోజు చూసుకుంటే ఎడమవైపు గది ఖాళీ.

ముందు ఫోను పాడైందనుకున్నాడు. ఎడమ చేత్తో ఎత్తి ఎడమ చెవికి పెట్టుకోవడం అలవాటు, కుడిచేతిలో ఎప్పుడూ పానా ఉంటుంది కదా. అవతల ఎవరూ మాట్లాడటం లేదు. ఫోన్ల కొట్టుకి పట్టుకెళ్తే ఆ కొట్టతను దాన్ని విప్పి, ఊది, బిగించి, నిక్షేపంలా ఉంది మేస్త్రీ, మీకు ఫోన్ చేసేవాళ్ళే మూగవాళ్ళేమో అన్నాడు. ఇంటికొచ్చే దారిలో దాన్ని కుడిచెవికి పెట్టుకుంటే అవతల కొడుకు అరుస్తున్నాడు, నాన్నా ఎన్నిసార్లు చెప్పాలి, అని. రోడ్డు మధ్యలో ఆగిపోయాడు. ఆ రోజు నుంచి ఊఁ మరీ ఎక్కువైంది. వినపడితే ఊఁ, వినపడకపోతే కూడా ఊఁ. ఎలాగూ మాట్లాడని మనిషని పేరుంది కాబట్టి ఎవరికీ అనుమానం రాలేదు. నోట్లో నాలుక లేదనుకునే వాళ్ళు చెవి ఉందో లేదో ఎందుకు చూస్తారు.

బయట బెంచీ మీంచి లెక్కల మాస్టారు గొంతు వినిపించింది, కుడివైపు నుంచి కాబట్టి. ఆరుగురు రోగుల్లో ఈయనొకడు. ఇల్లు దగ్గరే, ఎప్పుడూ రెండు గంటల ముందొచ్చి కూర్చుంటాడు, ఇంట్లో కూర్చుంటే గ్లాసు నీళ్ళ మీదకి మనసు పోతుందట.

"ఏం మేస్త్రీ, ఇంజన్‌కే కొట్టావా బిళ్ళలు, మిగిలిపోతే నీ నోటికి కూడా ఒకటి కొట్టుకున్నావా?"

"ఊఁ."

"అదిగో, కారుతోంది. సరిగ్గా కూర్చోలేదు ఆ బిళ్ళ."

మాస్టారు తన జోకుకి తనే నవ్వాడు, నవ్వి ఆయాసపడ్డాడు. కాళ్ళు చెప్పుల్లో పట్టడం లేదు, పట్టీలు విప్పేసి కూర్చున్నాడు. మొహం ఉబ్బింది. రెండు రోజుల నీళ్ళు ఆయన ఒంట్లోనే ఉన్నాయి. మొన్న తిరిగొచ్చేటప్పుడు కొండ మీద బండి వేడెక్కి ఆగిపోయినప్పుడు, ఇంజన్ పక్కనుంచి ఎర్రటి ధార కారుతుంటే, రోగులు చేతుల్లో ఉన్న సీసాలన్నీ కోడలికి ఇచ్చేశారట, మేమెలాగూ తాగకూడదమ్మా, అదన్నా తాగనీ, అన్నాడట ఈయన. చల్లారేదాకా ఆగి, ఆ నీళ్ళు పోసుకుంటూ, ఆగుతూ, పోసుకుంటూ, రెండు గంటల దారి ఆరు గంటలు నడిపి అందరినీ ఇళ్ళకి చేర్చింది. మర్నాడు పొద్దున్న మాస్టారు షెడ్డుకొచ్చి బండినీ తననీ మార్చి మార్చి చూసుకుని, మా ఇద్దరిదీ ఒకటే జబ్బు మేస్త్రీ, దానికి నీళ్ళు నిలవవు, నాకు నీళ్ళు పోవు, ఇద్దరినీ ఓ చోట కలిపేస్తే లెక్క సరిపోతుంది కదా, అన్నాడు. లెక్కల మాస్టారు కదా.

రేడియేటర్ మూత తీసే ఉంది. లోపల పచ్చటి నీళ్ళు నెమ్మదిగా కదులుతున్నాయి, ఒక బుడగ వచ్చింది, పగిలింది, నీటి మట్టం వేలెడు దిగింది. మేస్త్రీ లేచి సీసాలోంచి కొంచెం పోశాడు. సగం కూలెంటు, సగం శుద్ధి చేసిన నీళ్ళు, కొళాయి నీళ్ళు కావు. ఈ బండిని అమ్మినవాడు ఏ నీళ్ళు దొరికితే ఆ నీళ్ళు పోసి తిప్పాడు. బోరు నీళ్ళు, కాలవ నీళ్ళు. నీళ్ళు తెల్లగా ఉంటే చాలనుకునే రకం. ఆ నీళ్ళే బిళ్ళల్ని లోపల్నుంచి తినేశాయి. బయటికి మాత్రం నున్నగా, రంగు కూడా పోకుండా ఉన్నాయి. నిన్న మొదటిదాని అంచు మీద స్క్రూడ్రైవర్ పెట్టి ఒక దెబ్బ వేశాడు. ఆ దెబ్బకి బిళ్ళ పక్కకి తిరగాలి, పట్టకారుతో లాగెయ్యాలి, ఇన్నేళ్ళుగా అదే పని. తిరగలేదు. స్క్రూడ్రైవర్ అప్పడంలోకి దిగినట్టు దిగిపోయింది. రెండోది అంతే. మూడోది చేతిలోకొచ్చాక వెలుతురుకి పెట్టి చూస్తే సూది మొనంత చుక్కలు, ఆకాశంలో నక్షత్రాల్లా. నాలుగోది చిల్లి పడి కారినది. నాలుగు తోబుట్టువులూ ఒకే జబ్బుతో పోతే ఐదోది రాయిలా ఉంటుందా. ఉండొచ్చు. ఎందుకుండకూడదు. ఆ అమ్మినవాడు క్లచ్చు కొత్తది వేయించానన్నాడు, క్లచ్చు వేయాలంటే గేర్ బాక్స్ దింపాలి, దింపినప్పుడు ఆ మెకానిక్ ఎవరో ఆ బిళ్ళ కూడా మార్చే ఉంటాడు, బుద్ధున్నవాడైతే మారుస్తాడు. బుద్ధున్నవాడైతే. ఆ బోరు నీళ్ళ మనిషి దగ్గరికి బుద్ధున్న మెకానిక్ ఎందుకెళ్తాడు.

వెనక బిళ్ళ గేర్ బాక్స్‌కీ ఇంజన్‌కీ మధ్య ఉంటుంది. దాన్ని మార్చాలంటే గేర్ బాక్స్ దించాలి, క్లచ్చు విప్పాలి, క్లచ్చు వెనకుండే బరువైన చక్రం కూడా తియ్యాలి, ఒంటి చేత్తో ఒకటిన్నర రోజు పని. భుజం ఒప్పుకోదు. ఒప్పుకున్నా ఇవాళ బండి వెళ్ళదు. అందుకని మెకానిక్ ముందు ఆ బిళ్ళనే అడుగుతాడు. తన మేస్త్రీ అలాగే నేర్పాడు, మూడో తరగతి వదిలేసి ఆయన దగ్గర చేరిన ఏడాదే. సన్న కడ్డీ బిళ్ళ నడిమిన ఆనించు, రెండో కొన మీద చిన్న సుత్తితో తట్టు, గట్టిగా కాదు, తలుపు కొట్టినట్టు తట్టు, అది పలుకుతుంది. మందంగా ఉన్న బిళ్ళ ఖణ్ మంటుంది, తుప్పు తిన్న బిళ్ళ డొబ్ మంటుంది. నీ నోటితో కాదురా, దాని నోటితో దాన్నే చెప్పనీ. ఆయన చదువుకోలేదు, ఆయన కళ్ళు పొగకి ఎర్రగా ఉండేవి, కానీ ఆ పెద్ద పెద్ద చెవులు, వాటిమీద వెంట్రుకలు, లారీ సందు మలుపు తిరుగుతుండగానే ఇందులో నాలుగో సిలిండర్ ఏడుస్తోంది అనేవాడు. చచ్చిపోయే ముందు మంచం మీద కూడా, వీధిలో పోతున్న బండి విని, ఆ బెల్టు వదులైంది వాడికెవరైనా చెప్పండి, అన్నాడు. అదే చివరి మాట. దేవుణ్ణి తలుచుకోలేదని ఆయన భార్య ఏడ్చింది.

పొద్దున్న, కోడలు లేవకముందే, నీళ్ళు ఇంకా నింపకముందే, మేస్త్రీ బండి కిందున్న గుంటలోకి దిగాడు. గేర్ బాక్స్ అడుగున చిన్న రేకు మూత విప్పాడు. ఆ సందులోంచి కడ్డీ పోతుంది, కష్టపడితే బిళ్ళకి తగులుతుంది. తగిలింది. కానీ ఆ గుంట వెడల్పెంత, రెండడుగులు, కుడిభుజం గోడకి ఆనించి మెడ తిప్పితే పైకి ఉండేది ఎడమ చెవే. తిరగబడి పడుకోవాలని చూశాడు, నడుము పట్టేసింది. సరే అని తట్టాడు. ఒకసారి. రెండుసార్లు. మూడోసారి ఖణ్ మంది. అన్నట్టే ఉంది. దూరంగా, పక్క వీధిలో ఎవరో గ్లాసు కింద పెట్టినట్టు. గుంటలో పడుకుని నవ్వుకున్నాడు కూడా, బతికించావే అన్నాడు దానితో. రేకు మూత బిగించాడు. పైకి వచ్చాడు. నీళ్ళు నింపాడు. కోడలు తొంగిచూసింది. ఐదూ అయ్యాయా. ఊఁ. అప్పుడు లేని అనుమానం ఇప్పుడెందుకు. ఆ ఖణ్ ఎక్కడిది. ఎడమ చెవి ఈ మధ్య ఏ చప్పుడు మోసుకొచ్చిందని ఆ ఒక్క చప్పుడు మోసుకొస్తుంది. అది బిళ్ళ గొంతేనా, లేక తన మేస్త్రీ షెడ్డులో మొదటి ఏడాది విన్న ఖణ్ ఇన్నేళ్ళూ తల్లో ఎక్కడో దాక్కుని ఇప్పుడు వినాలని ఉంది కాబట్టి పలికిందా. ఆకలేసిన వాడికి పక్కింటి గిన్నె చప్పుడు తన ఇంట్లోదిలా వినిపిస్తుంది.

మళ్ళీ తట్టొచ్చు. ఇంజన్ ఆపి, మూత విప్పి, ఎవరినైనా వినమని. ఇప్పుడు లోపల నీళ్ళున్నాయి, సలసలా కాగే నీళ్ళు, నిజంగా తిన్న బిళ్ళయితే ఆ తట్టుకే ఊడి మొహం మీద పడుతుంది. మోచేతి కింద ఆ మచ్చ చూసుకున్నాడు. వేడి రేడియేటర్ మూత తిప్పిన రోజుది. అప్పుడు కొడుకు చంటివాడు, భార్య కట్టు విప్పి కడుతూ ఒక్క మాట అనకుండా మూడు వారాలు తన చేత్తో అన్నం పెట్టింది. అనకపోవడం ఆవిడకీ వచ్చు. ఇల్లు ఎప్పుడూ అంతే, ఇద్దరు అననివాళ్ళు, మధ్యలో కుట్టుమిషన్. కోడలొచ్చాకే ఆ ఇంట్లో గోడలకి మాట తగిలింది.

బుడగలు ఆగాయి. పైన గొట్టం చేత్తో పట్టుకున్నాడు, ఇంతసేపూ గోరువెచ్చగా ఉన్నది ఒక్కసారిగా కాలింది, లోపల వాల్వు తెరుచుకుంది, నీళ్ళు తిరుగుతున్నాయి. మూత బిగించాడు. తొమ్మిది ఇరవై ఐదు. ఫ్యాను విర్రుమంది, తిరిగింది, ఆగింది. మోకాలి మీద వంగి అట్ట చూశాడు. పొడిగా ఉంది. పక్క నాలుగు బిళ్ళల అంచుల చుట్టూ వేలు తిప్పాడు, కొత్త ఇత్తడి, పసుపు రాసిన బుగ్గల్లా, పొడిగా ఉన్నాయి. చక్కగా కూర్చున్నాయి. సాకెట్టు పెట్టి వంకర పోకుండా కొట్టినవి, గమ్ము గీత సన్నగా, వెంట్రుకంత. చెయ్యి ఇంకా చెయ్యే. వెనక, రేకు మూత దగ్గర, అట్ట పొడిగా ఉంది. చూశావా. పొడిగా ఉంది. కారేదైతే ఈపాటికి కారదూ.

కారదు. తెలుసు. షెడ్డులో నిలబెట్టి ఆడించిన ఇంజన్‌కి ఏం బరువుంది, ఏం ఎక్కుడుంది. కొండ మీద, మూడో మలుపు దాటాక, రెండో గేరులో, ఆరుగురితో, ఎండలో, అప్పుడు నీళ్ళు బిళ్ళని లోపల్నుంచి తోస్తాయి. పక్క బిళ్ళయితే కారుతుంది, కనిపిస్తుంది, ఎర్ర ధార చూసి ఆగొచ్చు. వెనకది గేర్ బాక్స్ గూటిలో కారుతుంది, ఎవరికీ కనిపించదు. వేడి చూపే ముల్లు ఎక్కిందని కోడలు చూసేలోపు నీళ్ళుండవు. నీళ్ళు లేకపోతే ముల్లు కూడా నిజం చెప్పదు, ఆవిరిలో తేలుతూ కిందికి దిగుతుంది, హమ్మయ్య తగ్గింది అనుకుంటుంది ఆ పిల్ల. ఇంకో రెండు మలుపులు. ఇంజన్ బిగుసుకుంటుంది. ఇంజన్ ఆగితే బ్రేకు పెడలు రాయైపోతుంది, స్టీరింగ్ తిరగదు. దిగుడులో అయితే. దిగుడులో అయితే, అని అక్కడితో ఆపుదామని చూశాడు, మనసు ఆగలేదు, అది కూడా దిగుడులోనే ఉంది. ముందు సీట్లో మాస్టారు, చెప్పులు విప్పేసిన కాళ్ళు. వెనక పూలకొట్టామె, వాళ్ళ అక్క, నిద్రపోయే ఇద్దరు అన్నదమ్ములు, ఆ చివర కిటికీ పక్కన ఎప్పుడూ లెక్కపెట్టుకుంటూ కూర్చునే ఆవిడ, ఇంకెన్ని మలుపులని. స్టీరింగ్ మీద కోడలి చేతులు, గాజులు పైకి తోసుకుని.

తొమ్మిది ముప్పై ఎనిమిది. హాస్పిటల్లో సాయంత్రం పాళీ ఒకటుంది. పగటి పాళీకి రాలేకపోతే పదింటిలోపు ఫోన్ చేసి చెప్పాలి, చెప్తే మంచాలు సాయంత్రానికి మారుస్తారు, పది దాటితే లేదు, ఎల్లుండి దాకా ఆగాలి. ఎల్లుండి దాకా మాస్టారు ఆ నీళ్ళతో ఉండలేడు, ఆయన నవ్వుతూనే అంటాడు, నాలో చేపలు పెంచొచ్చు అని, కానీ రాత్రి పడుకుంటే ఊపిరాడదని ఆయన భార్య మేస్త్రీ భార్యతో చెప్పింది. అద్దె వ్యాను నడిపే బట్టతల డ్రైవర్ ఒకడున్నాడు, రెండింటికి ఖాళీ అవుతాడు, పిలిస్తే వస్తాడు, కోడలితో అక్కా అక్కా అంటుంటాడు. అంటే దారి ఉంది. పదింటిదాకా ఉంది. చెయ్యవలసిందల్లా నోరు తెరవడం. ఐదోది మార్చలేదు. మూడు మాటలు కూడా లేవు. ఆ వెంటనే ఎందుకు మార్చలేదంటుంది. తట్టి చూశాను. తట్టి చూస్తే ఏమంది. అక్కడ ఆగిపోతాడు. ఏమందో తెలీదంటే, ఎందుకు తెలీదంటే, ఆ తర్వాత ఈ షెడ్డుకి ఎవడొస్తాడు, చెవిటి మేస్త్రీ దగ్గరికి. వింటే గానీ తెలియని పని నాది. కొడుకు అంటాడు, ఇక చాల్లే నాన్నా, ఇంట్లో కూర్చో. ఇంట్లో కూర్చుని ఏం వినాలి.

ఇంట్లో. అన్నాల గదిలో బల్ల. చాలా ఏళ్ళు భార్య ఎడమవైపే కూర్చునేది, అక్కడ పొయ్యి దగ్గర. ఒకరోజు గిన్నెలన్నీ చుట్టూ తిప్పుకొచ్చి కుడివైపు కుర్చీలోకి మారింది. ఎందుకన్నాడు. ఎండ పడుతోందండీ అటు, అంది. ఊఁ, అన్నాడు. ఆ గదికి ఎండ ఎక్కడుంది. ఒకటే కిటికీ, దాని ముందు పక్కింటి గోడ. అప్పుడు ఆలోచించలేదు. ఇప్పుడు, ఇంజన్ ముందు కూర్చుని, ఆ గదిలో లేని ఎండ కళ్ళలో గుచ్చుకుంది.

లోపలి తలుపు తెరుచుకుంది. కోడలు టీ గ్లాసు పట్టుకుని వచ్చింది. తలుపు షెడ్డుకి ఎడమ మూల, మేస్త్రీ స్టూలుకి నాలుగడుగుల దూరం, చెయ్యి చాపితే గ్లాసు అందుతుంది. ఆమె చెయ్యి చాపలేదు. బక్కెట్టు దాటింది, నేల మీది నీళ్ళ గొట్టం దాటింది, ఇస్త్రీ చీర కుచ్చిళ్ళు ఎడమచేత్తో ఎత్తిపట్టుకుని, టీ తొణక్కుండా, ఇంజన్ నడుస్తున్న బండి వెనకనుంచి మొత్తం చుట్టు తిరిగి, కుడివైపుకొచ్చి నిలబడి, అప్పుడు మాట్లాడింది.

"ఎలా ఉంది మామయ్యా? ఫ్యాను ఆగిందా?"

మేస్త్రీ ఆ బక్కెట్టు వంక చూశాడు. గొట్టం వంక. తడి నేల మీద ఆమె చెప్పుల జాడ వంక, ఆ మూల నుంచి ఈ మూలకి, వంకరగా, అలవాటుగా. నిన్న కూడా ఇలాగే వచ్చింది. మొన్న కూడా. అంతకుముందు ఎప్పటినుంచి. డ్రైవింగ్ సీట్లోంచి దిగి ఎప్పుడూ బండి ముందునుంచి చుట్టి వచ్చి చెప్పేది, ఎందుకలా తిరుగుతుందో, బానెట్టు చూసుకుంటుంది కాబోలు అనుకునేవాడు. ఫోన్ మోగితే, ఒక్క నిమిషం మామయ్యా, అని కుడిచేతిలోని పానా తను తీసుకుని ఆ చేతికే ఫోన్ ఇచ్చేది. పానా పట్టుకున్న చెయ్యి నొప్పెడుతుందని అనుకునేవాడు. తెలుసన్నమాట. ఇద్దరికీ తెలుసు. ఒకరు ఎండని అడ్డం పెట్టుకున్నారు, ఒకరు బానెట్టుని. ఈ చెవి పోయిందని తెలిసిన మనిషి, బిళ్ళని చెవితోనే చూస్తానని తెలిసిన మనిషి, పొద్దున్న గుమ్మంలోంచి ఐదూ అయ్యాయా అని అడిగి, ఊఁ అంటే, సరే అని జడ వేసుకోడానికి వెళ్ళింది. చెవిని నమ్మలేదు. నోటిని నమ్మింది. మేస్త్రీ అబద్ధం ఆడడనే ఒక్క ధైర్యంతో ఆరుగుర్ని ఎక్కించుకుని కొండెక్కుతుంది.

టీ గ్లాసు చేతిలో కాలుతోంది. కింద పెట్టాడు. లేచాడు. తాళం తిప్పాడు. ఇంజన్ ఆగింది.

షెడ్డులో ఒక్కసారిగా ఎంత చోటుందో తెలిసింది. బెంచీ మీద మాస్టారు తల తిప్పాడు. గడియారం తొమ్మిది నలభై తొమ్మిది.

"ఐదోది మార్చలేదు," అన్నాడు మేస్త్రీ. "పొద్దున్న అబద్ధం చెప్పాను. తట్టి చూశాను, పలికిందనుకున్నాను. పలికిందో లేదో నాకు తెలీదు. ఈ చెవి పనిచెయ్యదు. మిగతా నాలుగూ కాగితాల్లా ఉన్నాయి. బండి వెళ్ళకూడదు."

ఇన్ని మాటలు ఒక్క ఊపిరిలో తన నోట్లోంచి రావడం అతనికే కొత్తగా ఉంది. కోడలు అతని మొహం వంక చూసింది. కోపం వచ్చింది ఆమెకి, రాకుండా ఎలా ఉంటుంది, ముక్కుపుటాలు అదిరాయి. గోడ గడియారం చూసింది. మళ్ళీ అతని వంక చూసింది.

"మొన్న ఆ కొండ మీద నేనెంత భయపడ్డానో తెలుసా మామయ్యా మీకు?"

"తెలుసు."

"తెలిసే ఊఁ అన్నారు."

దానికి ఊఁ అనలేకపోయాడు.

ఆమె అప్పటికే ఫోన్ చెవికి పెట్టుకుంది. హాస్పిటల్ వాళ్ళు ఎత్తేదాకా బొటనవేలితో చీర కొంగు తిప్పుతూ నిలబడింది, ఎత్తగానే గొంతు మారిపోయింది, మేడమ్ ఆరు పేర్లు సాయంత్రానికి, అవును ఆరూ, బండి ఇబ్బంది, లేదు మేడమ్ ఇంకా పది కాలేదు, మీ గడియారం ముందుందేమో చూసుకోండి. అటూ ఇటూ నడిచింది, చెప్పుల కింద తడి చప్పుడు ఒకవైపు వినిపించి ఒకవైపు మాయమైంది. తర్వాత బట్టతల డ్రైవర్‌కి. తమ్ముడూ, రెండింటికల్లా షెడ్డు దగ్గరుండాలి, లేదు ఈ వ్యాను పడుకుంది, నేనే నడుపుతా నీది, నువ్వు పక్కన కూర్చుని పాటలు పాడు. పెట్టేసింది. ఊపిరి వదిలింది. తొమ్మిది యాభై ఏడు.

మాస్టారు బెంచీ మీంచి మెల్లగా చెప్పుల్లో కాళ్ళు దూర్చబోయి మానేశాడు.

"సాయంత్రం అంటే ఇంకో ఆరు గంటలు మోయాలి ఈ చెరువు," అన్నాడు పొట్ట మీద చెయ్యేసుకుని. తర్వాత నవ్వకుండా అన్నాడు, "పోన్లే మేస్త్రీ. కొండ మీద మొయ్యడం కంటే బెంచీ మీద మొయ్యడమే తేలిక."

మేస్త్రీ పెద్ద పానా తీసుకున్నాడు. ఇంజన్ చల్లారుతూ టిక్కు టిక్కుమంటోంది, కుడిచెవికి సగం టిక్కులే అందుతున్నాయి. అది చల్లారాలి, నీళ్ళు దింపెయ్యాలి, గేర్ బాక్స్ కింద జాకీ పెట్టాలి, పైన రెండు బోల్టులు చెయ్యి పట్టని చోట ఉంటాయి, కోడలి చెయ్యి సన్నం, పడుతుంది. ఒకటిన్నర రోజు. ఇద్దరుంటే ఒక రోజు. ఆ బిళ్ళ చేతిలోకొచ్చాక ఒకటే మాట, కాగితమో రాయో. రాయైనా సరే. రాయైతే మరీ సిగ్గు, ఊరికే ఆరుగుర్ని ఇబ్బంది పెట్టినట్టు, అయినా సరే. గుంట మెట్ల మీద ఒక కాలు దింపాడు. ఎడమవైపు ఏదో కదిలింది. తల తిప్పితే కోడలు, చీర కొంగు నడుముకి బిగించి దోపుకుని, ఇంకా కోపం మొహంతో, ఈసారి చుట్టు తిరక్కుండా, ఆ దగ్గరి మూలనుంచే ఏదో అడుగుతోంది. పెదాలు కదులుతున్నాయి. ప్రశ్నే అది, కనుబొమ్మలు పైకి లేచాయి. జవాబు కోసం ఆగింది. ఇన్నేళ్ళ ఊఁ ఒకటి గొంతుదాకా వచ్చింది, నోటి చివర నిలబడింది, ఎప్పుడూ జారిపోయినట్టే జారిపోబోయింది. మేస్త్రీ దాన్ని మింగేశాడు. పానా మెట్టు మీద పెట్టి, కుడిచెవి వెనక చెయ్యి పెట్టుకుని, మాస్టారికి కూడా వినపడేలా, గట్టిగా అన్నాడు:

"వినపడలేదు. మళ్ళీ చెప్పు."